జెండా ఊపడానికి గంటన్నర

పిల్లలు నాలుగున్నరకే లేచి వచ్చారండీ! మా పేట బడిలో మరుగుదొడ్లు బాగుచేయించడానికి చందాల పరుగు పెట్టాం, విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలు, 3 కిలోమీటర్లు. పొద్దున్నే ఆ రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు, ఆ కాసేపట్లోనే అయిపోవాలని పోలీసు పర్మిషన్ నుంచి అంబులెన్సు దాకా అన్నీ చూసుకుని 6 గంటలకి మొదలుపెడదామనుకుంటే, జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి ఏడున్నరకి దిగారు. ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉన్నారు" అనే మాటే. ఈలోగా ఎండెక్కింది, సముద్రం పక్కన ఉక్క సంగతి తెలిసిందేగా. ఐదో తరగతి పాప ఒకతి, మోకాళ్ల దాకా వేలాడే టీషర్టు వేసుకుని, చెమటకి తడిసి చిరిగిన నంబరు కాగితాన్ని గుండెకి అదిమిపట్టుకుని, "ఇంకెప్పుడు పరిగెత్తేది సార్?" అని మూడుసార్లు అడిగింది. ఏం చెప్పను? ఆయన వచ్చాక ఉపన్యాసం, శాలువాలు, ఫొటోలు. ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి కూలబడితే గ్లూకోజు నీళ్లు పట్టించాం. అప్పటికే బళ్లు వదిలేశారు, పరుగు కిలోమీటరుకి కుదించాం. ఒళ్లు మండిపోయింది. చందాలు ఇచ్చినవాళ్లు పిల్లలు పరిగెడతారని ఇచ్చారు, శాలువాలు కప్పమని కాదు. వచ్చేసారి జెండా ఆ పాప చేతికే ఇస్తాను, ఎవరేమనుకున్నా సరే.