టిప్పర్‌కు జరిగిన అన్యాయం

దేశంలో చర్చించాల్సిన విషయాలు చాలానే ఉన్నాయి. వాటి సంగతి పెద్దలు చూసుకుంటున్నారు. హాల్లో టీవీ పక్కన అద్దాల పెట్టెలో కూర్చునే చెక్క స్పీడ్‌బోటు బొమ్మ గురించి మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి, ఆ భారం నా నెత్తిన పడింది.

‘మిస్ అమెరికా టెన్’నే తీసుకోండి. 1932లో అమెరికాలోని సెయింట్ క్లెయిర్ నది మీద గంటకు 124 మైళ్లు, అంటే రెండొందల కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లి ప్రపంచ రికార్డు కొట్టిన పడవ. పొడవు 38 అడుగులు. కడుపులో నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు, 48 సిలిండర్లు, 6400 హార్స్‌పవర్. పన్నెండో వంతు కొలతలో బొమ్మ చేస్తే 38 అంగుళాలు వస్తుంది. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ పన్నెండో వంతైతే మొత్తం పరిమాణం 1728వ వంతు. అదే లెక్కన ఇంజన్లను కుదించినా మూడున్నర హార్స్‌పవర్‌కు పైనే మిగలాలి. పొలంలో బోరు మోటారంత! బొమ్మలో చూస్తే సున్నా. కొలతలన్నీ నిజాయితీగా తగ్గించి, శక్తిని మాత్రం మొత్తం మింగేశారు. దీని మీద విచారణ జరగాలి.

పనితనానికి వంక పెట్టలేం, అది వేరే సంగతి. ముందు అడుగున వెన్నుపట్టీ, దాని మీద వరసగా పక్కటెముకలు నిలబెడతారు. రెండు మిల్లీమీటర్లు కూడా లేని చెక్క పట్టీలను వేడినీళ్లలో నానబెట్టి, ఓపిగ్గా వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తారు. ముక్కు దగ్గరికొచ్చేసరికి ప్రతి పట్టీ సన్నబడుతూ రావాలి, లేదంటే ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి. ఆ తర్వాత వార్నిష్, ఉప్పుకాగితం, మళ్లీ వార్నిష్, మళ్లీ ఉప్పుకాగితం. చివరికి చూసేవాడి మొహం అందులో కనిపించాలి. వేలు పెడితే ముద్ర పడుతుంది, కాబట్టి ఇంటికొచ్చిన పిల్లలకు ఆ వైపు నో ఎంట్రీ.

ఇంత చేసినవాళ్లు అసలైనవి వదిలేస్తారు. ఈ పడవల యజమాని, డ్రైవరు గార్ వుడ్ అదృష్టం కోసం రెండు టెడ్డీ బేర్లను వెంట కట్టుకుని తిరిగేవాడు. అవి ఉండవు. ఆ హోరులో పక్కన కూర్చుని ఇంజన్లను కాచుకున్న మెకానిక్ ఆర్లిన్ జాన్సన్ అంతకంటే ఉండడు. గార్ వుడ్ బుర్ర సరేసరి. 1931లో డెట్రాయిట్ నదిలో హార్మ్స్‌వర్త్ ట్రోఫీ కోసం మోటారు పడవల పోటీ. ఇంగ్లండ్ నుంచి కే డాన్ వచ్చి మొదటి రౌండు గెలిచేశాడు. రెండో రౌండులో వుడ్ సమయం కాకముందే గీత దాటాడు, వెనకే డాన్ కూడా దాటాడు. రూల్ ప్రకారం ఇద్దరూ అవుట్. మలుపులో డాన్ పడవ బోల్తా కూడా కొట్టింది. వెనకాల తాపీగా వచ్చిన మూడో పడవ పోటీ పూర్తి చేసింది. నడిపింది ఎవరయ్యా అంటే వుడ్ తమ్ముడు జార్జ్. ట్రోఫీ ఇంటి గడప దాటలేదు. ఈ తెలివిని ఏ చెక్కలో చెక్కుతారో నాకైతే అర్థం కాలేదు.

అసలు అన్యాయం ఇప్పుడు చెబుతాను. నాలుగేసి ఇంజన్లు కొనేంత డబ్బు ఈయనకు ఎక్కడిది? పడవల మీద రాలేదు. లారీ తొట్టిని చేత్తో తిప్పి లేపే రోజుల్లో, ఆయిల్ ఒత్తిడితో లేపే హైడ్రాలిక్ జాకీ కనిపెట్టాడు. మన వీధిలో అర్ధరాత్రి ఇసుక దింపి నిద్ర పాడుచేసే టిప్పర్‌కు మూలపురుషుడు ఆయనే. సంపాదించింది టిప్పర్, ఖర్చుపెట్టింది పడవ. ఖరీదైన మహాగని చెక్క, వార్నిష్, అద్దాల పెట్టె మాత్రం ఖర్చుపెట్టినదానికే దక్కాయి. మన ఇళ్లలోనూ ఇంతేనంటే కొందరు నొచ్చుకుంటారు, వదిలేద్దాం.

అందుకని తెలిసిన వడ్రంగికి ఆర్డర్ ఇచ్చాను. పన్నెండో వంతు టిప్పర్. తొట్టికి మహాగని, చక్రాల బోల్టులకు ఇత్తడి, వెనక ‘సౌండ్ హారన్’, ముందు బంపర్‌కు దారంతో గుచ్చిన బుల్లి నిమ్మకాయ, మిరపకాయలు. అడ్వాన్స్ తీసుకున్నాడు కానీ ఒక షరతు దగ్గర బేరం ఆగింది: తొట్టి నిజంగా పైకి లేవాలి. “షోకేసులో పెట్టేదానికి అదెందుకు సార్?” అంటాడు. లేస్తేనే మిగతా డబ్బులన్నాను.