99 అంటే లెక్క తప్పని 99

గోల్ఫ్‌లో పద్దెనిమిది హోల్స్‌నీ వంద లోపు దెబ్బల్లో ముగించాలా? డ్రైవర్‌ని, అదే అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్‌ని, కారు డిక్కీలో వదిలేసి రండి. కోపమొచ్చినా సరే, నా మాట ఇదే.

లెక్క చూడండి. పార్ అంటే హోల్‌కి గానీ, కోర్సు మొత్తానికి గానీ నిర్ణయించిన దెబ్బల లెక్క. పార్ 72 కోర్సులో 99 అంటే పార్ మీద 27 ఎక్కువ. తొమ్మిది హోల్స్‌లో బోగీ (పార్ కన్నా ఒకటి ఎక్కువ), మిగతా తొమ్మిదింట్లో డబుల్ బోగీ (రెండు ఎక్కువ) చేస్తే సరిగ్గా 99. ఒక్క పార్ కూడా అక్కర్లేదు! 380 గజాల పార్ 4 ఉందనుకోండి. ఏడో నంబరు ఐరన్‌తో (మధ్య దూరాలకి వాడే క్లబ్) 140, మళ్లీ 140, మిగిలిన వంద గజాలకీ వెడ్జ్, అంటే బంతిని ఎత్తుగా లేపే పొట్టి క్లబ్. గ్రీన్ మీద, అంటే కప్పు చుట్టూ పచ్చిక నున్నగా కత్తిరించిన చోట, బంతిని దొర్లించే పట్‌లు రెండు. మొత్తం ఐదు, బోగీ. అదే హోల్‌లో డ్రైవర్ ఊపేసి బంతిని హద్దు చూపే తెల్ల కర్రలు దాటించారా? కొట్టింది ఒకటి, పెనాల్టీ ఒకటి, అదే టీ (హోల్‌లో తొలి దెబ్బ కొట్టే చోటు) మీంచి మళ్లీ కొట్టేది మూడోది. అది తిన్నగా వెళ్లి, నాలుగోది గ్రీన్ మీద పడితేనే రెండు పట్‌లతో ఆరు. పడకపోతే ఏడో, ఎనిమిదో.

అసలు దెబ్బలు వృథాగా పోయేది మాత్రం గ్రీన్ అంచున. బంతిని పైకి లేపాలన్న ఆత్రంలో కుడిచేతి ఆటగాడు కుడికాలి మీదికి వాలిపోతాడు. క్లబ్ బంతికి రెండంగుళాల వెనకే మట్టిలో దిగబడి, బంతి అడుగు దూరం కదులుతుంది. ఈసారి అలా కాకూడదని చేతులు పైకి లాగితే క్లబ్ అంచు బంతి నడుముకి తగిలి, అది గ్రీన్ అవతలికి దూసుకుపోతుంది. పాదాలు దగ్గరగా పెట్టండి, బరువు సగానికి పైగా ఎడమకాలి మీద వేయండి, చేతులు బంతికి కాస్త ముందుండాలి, మణికట్టు వంచొద్దు. ఎనిమిదో నంబరు ఐరన్‌తో నేల మీద దొర్లిస్తే ఇంకా మేలు. బంతిని లేపడానికి క్లబ్ ముఖం వాలు ఉంది, ఆ పని మీది కాదు.

మన వైజాగ్ సంగతి వేరే చెప్పాలి. పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ కోర్సులో ఉదయం ఏడింటికి ఏడో ఐరన్‌కి అందిన దూరం పదకొండింటికి ఎదురుగాలిలో అందదు. అప్పుడు గట్టిగా బాదితే బంతికి స్పిన్ పెరిగి ఇంకా పైకి లేస్తుంది, గాలి ఇంకా వెనక్కి తోస్తుంది. ఇంకాస్త దూరం పోయే ఐదో ఐరన్ తీసి నెమ్మదిగా ఊపండి. ఉక్కకి గ్లవ్ తడిసి పట్టు జారుతుంది కాబట్టి రెండు గ్లవ్‌లు ఉంచుకుని, ఒకటి బ్యాగుకి వేలాడదీసి ఆరబెట్టుకోవాలి.

ఇక నా అసలు బాధ. వాట్సాప్‌లో మెరిసే 98లలో మొదటి టీ మీద మల్లిగన్ (లెక్కలో వేయని రెండో ప్రయత్నం) ఒకటి, రఫ్‌లో, అంటే పొడవు గడ్డిలో, కాలితో జరిపింది ఒకటి, మూడడుగుల గిమ్మీలు (కొట్టకుండానే పడినట్టు వదిలేసే పట్‌లు) నాలుగు. అది 98 కాదండీ! పోయిన బంతి కోసం వెతకడానికి మూడు నిమిషాలే, 2019 నుంచి రూలు అదే. అనుమానం రాగానే టీ దగ్గరే ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరక్కపోతే ఆడే రెండోది) కొట్టి కదలండి. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల సడలింపు) లెక్కలో ఒక హోల్‌కి నెట్ డబుల్ బోగీ హద్దు, అంటే డబుల్ బోగీ మీద ఆ హోల్‌కి మీకొచ్చే సడలింపు వరకే, ఉంటుంది. కానీ ఆ హద్దు హ్యాండిక్యాప్‌కే, మీ 99కి కాదు. తొమ్మిది కొడితే తొమ్మిదే రాయండి.

పద్దెనిమిదో గ్రీన్ మీద రెండడుగుల పట్ మిగిలితే పక్కవాళ్లు ప్రేమగానే అంటారు, "తీసెయ్ బావా, అయిపోయింది" అని. తీయకండి. బంతి కప్పులో పడిన చప్పుడు విన్నాకే కార్డు మీద అంకె వేయండి.