సవరణ: ఇచిరో హిట్ల లెక్క

జపాన్ బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకి అమెరికాలో 4,367 హిట్లు (బంతిని కొట్టి, అవుట్ కాకుండా కనీసం ఫస్ట్ బేస్, అంటే పరుగులో మొదటి మజిలీ, చేరితే ఒక హిట్) కొట్టాడని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు. అది రెండు దేశాల మొత్తం. జపాన్‌లో 1,278, అమెరికా మేజర్ లీగ్‌లో 3,089. అభిమానం కొద్దీ రెండూ కలిపేశాను.

ఇంకో మాట. 2004లో ఒకే సీజన్‌లో 262 హిట్లతో, 84 ఏళ్ల నాటి మేజర్ లీగ్ ఆటగాడు జార్జ్ సిస్లర్ రికార్డు (257) దాటాడని రాసి ఊరుకున్నాను. ఆ సీజన్లలో సిస్లర్ ఆడింది 154 మ్యాచ్‌లు, ఇచిరో 161. ఇది చెప్పకపోవడం సిస్లర్‌కు అన్యాయమే.

అలాగని ఇచిరో విలువ తగ్గదు. ఆ 262లో 225 సింగిల్సే (ఫస్ట్ బేస్ వరకే చేర్చే హిట్లు), హోమ్ రన్లు (అన్ని బేస్‌లూ చుట్టివచ్చే పెద్ద హిట్లు) ఎనిమిదే. "అన్నీ చిన్న హిట్లేగా" అని ఒకాయన కామెంట్ పెట్టారు. నిజమే, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే కొట్టకుండానే దక్కే ఫస్ట్ బేస్) కూడా తక్కువే తీసుకునేవాడు. కానీ ఎడమచేతి బ్యాటింగ్ కదా, బంతి తగిలేలోపే ఒళ్లు ఫస్ట్ బేస్ వైపు మొగ్గేది. మామూలుగా అవుటయ్యే బంతి కూడా హిట్ అయిపోయేది. పైగా మేజర్ లీగ్‌లో 509 స్టీల్స్ (ఎవరూ కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం), పది గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు).

బ్యాట్ నిలువుగా పిచర్ (బంతి విసిరేవాడు) వైపు చాచి, ఎడమ చేత్తో కుడి భుజం మీది చొక్కా సర్దుకునే ఆ ఒక్క క్షణం చాలు నాకు. సియాటిల్‌లో ఒక అభిమాని అయితే ప్రతి హిట్‌కూ అంకె మార్చే బోర్డు తయారుచేసుకుని స్టేడియంకి తెచ్చేవారు. ఆ బోర్డు లెక్క నా లెక్క కంటే నయం.

పాత పోస్టులో అంకెలు మార్చేశాను.