కింది గీత గీశారు, పై గీత ఏదీ?

భవనాల దూలాలకు వాడే ఉక్కు గ్రేడు పెంచాలన్న మాట ఎక్కడ వచ్చినా చర్చంతా ఒకే అంకె చుట్టూ తిరుగుతోంది. 250 మెగాపాస్కల్ (ఉక్కు బలాన్ని కొలిచే యూనిట్) ఉక్కు పాతబడింది, ఇకపై 345 గానీ 355 గానీ ఉండాలి అంటున్నారు. అది యీల్డ్ బలం, అంటే ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలుపెట్టే స్థాయి. అదీ కనీస స్థాయి. మిల్లు నుంచి వచ్చే దూలం దానికన్నా ఎంత ఎక్కువ బలంగా ఉండవచ్చు? ఆ ప్రశ్నకు జవాబు రాయకుండానే ప్రమాణాన్ని మార్చేయాలని తొందరపడుతున్నారు. గరిష్ఠ పరిమితి, అంటే పై గీత, లేని గ్రేడు మార్పును ఈ పత్రిక అంగీకరించదు.

బలం ఎక్కువైతే నష్టమేమిటని అడిగేవారు 1994 జనవరి 17న కాలిఫోర్నియాలో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపాన్ని గుర్తుచేసుకోవాలి. 6.7 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపం తర్వాత వందకు పైగా ఉక్కు ఫ్రేమ్ భవనాల్లో దూలం స్తంభాన్ని కలిసే చోట వెల్డింగులు పగిలి కనిపించాయి. సాగి శక్తిని మింగుతుందనుకున్న ఉక్కు పెళుసుగా విరిగింది. కారణం ఒక్కటే కాదు. వెల్డ్ లోహానికి పగుళ్లను తట్టుకునే గుణం చాలలేదు, అతుకుల రూపకల్పనలోనూ లోపాలున్నాయి. వాటితోపాటు తేలిన మరో నిజమే మాకు ఇక్కడ ముఖ్యం. కాగితం మీద 250 మెగాపాస్కల్ అనుకున్న ఏ36 (అమెరికా ఉక్కు ప్రమాణం) దూలాల అసలు బలం చాలాచోట్ల అంతకన్నా ఎంతో ఎక్కువ.

ఇందులో మోసం లేదు. ఏ36 ప్రమాణం కనీస యీల్డ్ బలాన్నే చెప్పింది, గరిష్ఠం చెప్పలేదు. స్క్రాప్ కరిగించి ఉక్కు తీసే విద్యుత్ కొలిమి మిల్లులు పెరిగేకొద్దీ ఉక్కు బలమూ పెరిగింది. ఒకే దూలం ఏ36కీ, 345 మెగాపాస్కల్ గ్రేడుకూ సరిపోతోందని రెండు గ్రేడుల సర్టిఫికెట్లతో అమ్మిన కాలమది. నిబంధన ఎక్కడా తప్పలేదు, అతుకులు మాత్రం పగిలాయి.

భూకంపాన్ని తట్టుకోవాల్సిన ఫ్రేములో దూలం పని ఇంటి కరెంటులో ఫ్యూజు చేసే పనే. భూమి ఊగినప్పుడు ముందుగా దూలం చివర సాగాలి, స్తంభం నిలవాలి. ఇంజినీరు లెక్కంతా ఆ వరుస మీదే ఆధారపడుతుంది. 250కి లొంగాల్సిన దూలం 350 దాటినా లొంగకపోతే ఆ బలమంతా వెల్డింగు మీదా స్తంభం మీదా పడుతుంది. డ్రాయింగులో బలహీనంగా ఉంచిన భాగం కట్టాక అన్నిటికన్నా బలమైనదవుతుంది. అందుకే అడుగుతున్నాం: పై గీత ఏదీ?

అసాధ్యమైనదేమీ మేము కోరడం లేదు. అమెరికాలో 1998లో వచ్చిన ఏ992 ప్రమాణం యీల్డ్ బలం 345 మెగాపాస్కల్‌కు తగ్గకూడదంటూనే 450 దాటకూడదనీ చెప్పింది. తెగే బలంలో యీల్డ్ బలం వాటా 0.85కు మించకూడదంది. వెల్డింగుకు అనువుగా ఉండేలా కార్బన్ ఈక్వివలెంట్‌కూ (ఉక్కులోని కార్బన్, ఇతర మూలకాల ప్రభావాన్ని కలిపి చూపే అంకె) హద్దు పెట్టింది. జపాన్ 1994లోనే భవనాల కోసం ఎస్ఎన్ ఉక్కు ప్రమాణం తెచ్చింది. అందులో ఎస్ఎన్490బి గ్రేడుకు 12 నుంచి 40 మిల్లీమీటర్ల మందంలో యీల్డ్ బలం 325 నుంచి 445 మధ్యే ఉండాలి, తెగే బలంలో దాని వాటా 80 శాతం దాటకూడదు. ఈ పరిమితులకు లోబడి మిల్లులు ఏళ్ల తరబడి దూలాలు తయారుచేస్తూనే ఉన్నాయి.

ఎక్కువ గ్రేడుతో ఉక్కు ఆదా అవుతుందనీ, పునాది మీద భారం తగ్గుతుందనీ చెప్పేవారి మాటలో నిజం ఉంది. ఆ ఆదాను భద్రత పేరుతో ప్రచారం చేయడమే మాకు మింగుడుపడనిది. 250 నుంచి 345కు వెళ్తే బలం 38 శాతం పెరుగుతుంది. ఉక్కు బిగువు, అంటే బరువు పడితే వంగకుండా నిలిచే గుణం, మాత్రం ఏ గ్రేడైనా దాదాపు 200 గిగాపాస్కల్ దగ్గరే ఉంటుంది. బలం పెరిగింది కదా అని చిన్న సైజు దూలం వేస్తే అదే బరువుకు అది మరింత వంగుతుంది, పైన నడిచేవారికి అంతస్తు అదురు తెలుస్తుంది. పలచబడిన అంచులు ముడుచుకుపోయే ప్రమాదమూ పెరుగుతుంది. పొడవాటి దూలాల్లో సైజును తరచూ నిర్ణయించేది వంపే, అక్కడ కొత్త గ్రేడు వల్ల ఒరిగేది తక్కువ. ఈ సంగతులన్నీ ఇంజినీర్లకు తెలిసినవే. మరి గ్రేడు పెంచాలని వాదించేటప్పుడు వీటిని ఎందుకు దాటవేస్తున్నారు?

పాత భవనాల మాటా అంతే. అమెరికాలో 1960లో ఏ36 వచ్చేదాకా వాడుకలో ఉన్న ఏ7 ఉక్కు కనీస బలం సుమారు 228 మెగాపాస్కల్. అలాంటి భవనం మీద మరో అంతస్తు వేసేటప్పుడు నేటి గ్రేడు అంకెతో లెక్క కడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? గ్రేడు మారిన తేదీ, దానికి ముందున్న అంకె ప్రమాణంలోనే ఉండాలి. పాత సరుకూ కొత్త సరుకూ ఒకే యార్డులో కలిసే నెలల్లో హీట్ నంబరు (ఉక్కు ఏ కొలిమి విడత నుంచి వచ్చిందో చెప్పే సంఖ్య) చూడకుండా దూలాన్ని పైకెత్తనివ్వకూడదు.

అన్నిటికన్నా మమ్మల్ని భయపెడుతున్నది ఈ మార్పు వేసే దారి. మిల్లులు ఇప్పటికే ఎక్కువ బలమైన ఉక్కు తీస్తున్నాయి కాబట్టి ప్రమాణాన్నీ అక్కడికి జరపాలనేది ప్రధాన వాదన. ఈసారి ఒప్పుకుంటే మరో పదేళ్లకు ఇదే వాదన మరింత పెద్ద అంకెతో వస్తుంది, అప్పుడూ గరిష్ఠం ఉండదు. మిల్లు ఏది తీస్తే అదే ప్రమాణమైతే ఇక ప్రమాణాల సంఘం ఎందుకు?

సంఘాల్లో కూర్చున్న నిపుణులకు నార్త్‌రిడ్జ్ కొత్త కాదు. పగిలిన ఆ అతుకుల ఫొటోలు విద్యార్థులకు చూపించి పాఠం చెప్పేదీ వారే. అదే నిపుణులు ముసాయిదా దగ్గరకు వచ్చేసరికి గరిష్ఠ పరిమితి గడిని ఖాళీగా వదిలి సంతకం పెట్టడం బాధ్యతారాహిత్యం. ఆ గడి నింపేదాకా ముసాయిదాను వెనక్కి పంపండి.