“సంతకాలతో క్యాన్సర్ తగ్గుతుందా?” అని అడిగేవాళ్లకు

కొన్నాళ్లుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో రొమ్ము క్యాన్సర్ మీద ఒక మెసేజ్ తిరుగుతోంది. ఒక గ్రూపులో చదివి వదిలేస్తే ఇంకో గ్రూపులో కనిపిస్తోంది. అందులో ఉన్నది ఇదీ: “క్యాన్సర్ విధానాలు డాక్టర్లూ ప్రభుత్వమూ చూసుకోవాల్సినవి. రోగులు రాసే ఉత్తరాలూ, పెట్టే సంతకాలూ దేనికీ పనికిరావు. పరిశోధన డబ్బు విషయంలో రోగులు వేలు పెడితే అది పక్కదారి పడుతుంది. మందుల ధరలు కంపెనీల ఇష్టం, మనం అరిచి లాభం లేదు. ఊరూరికీ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) బస్సు పంపితే చాలు. అయినా మన ఆడవాళ్లు సిగ్గుతో పరీక్షకే రారు.”

మా పిన్నికి ఈ జబ్బు వచ్చి ఆరేళ్లయింది. ఆస్పత్రుల చుట్టూ తిరిగిన రోజుల్లో ఆమె పక్కన నేనే ఉన్నాను. అందుకే ఈ మెసేజ్ చూసి ఊరుకోలేకపోయాను.

ఉత్తరాలూ సంతకాలూ పనికిరావన్న మాటతో మొదలుపెడతాను. 1991లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన ఆడవాళ్లు, వాళ్లకు తోడు నిలిచినవాళ్లు కలిసి నేషనల్ బ్రెస్ట్ క్యాన్సర్ కొయలిషన్ అనే కూటమి పెట్టారు. దాన్ని ముందుండి నడిపిన ఫ్రాన్ విస్కో లాయరు. ఆమెకూ 1987లో ఈ జబ్బు వచ్చింది. కూటమి పెట్టిన 1991లో దేశంలో కొత్తగా 1,75,000 మంది దీని బారిన పడతారని అంచనా. మనిషికి ఒకటి చొప్పున అన్ని ఉత్తరాలు ప్రభుత్వానికి పంపాలనుకున్నారు. తీరా చూస్తే 6 లక్షలకు పైగా వచ్చాయి.

తర్వాత వాళ్లు చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. “డబ్బు పెంచండి” అని ఊరికే అనలేదు. శాస్త్రవేత్తలను పిలిచి, పరిశోధనకు నిజంగా ఎంత కావాలో లెక్క వేయించారు. ఆ లెక్క చేతిలో పెట్టుకుని 1992లో అదనంగా 30 కోట్ల డాలర్లు అడిగారు. ఆరోగ్య పద్దులో అంత డబ్బు లేదు. రక్షణ పద్దు నుంచి తీసి ఇటు ఇద్దామంటే అప్పటి బడ్జెట్ చట్టం ఒప్పుకోదు. సెనేటర్ టామ్ హార్కిన్ ఇద్దరు అక్కచెల్లెళ్లు ఈ జబ్బుతోనే చనిపోయారు. డబ్బును అటూ ఇటూ మార్చకుండా, సైన్యం పద్దులోనే రొమ్ము క్యాన్సర్ పరిశోధన పెట్టించే దారి ఆయన పట్టారు. అలా 21 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది, 1993 అక్టోబరులో, 26 లక్షల సంతకాలను అధ్యక్షుడు క్లింటన్‌కు అందజేశారు. సైన్యం పద్దులో మొదలైన ఆ కార్యక్రమానికి ఇప్పటివరకూ వచ్చిన డబ్బు 400 కోట్ల డాలర్లు దాటింది. ఉత్తరంతో గడ్డ కరగదు, నిజమే. కానీ గడ్డను కరిగించే మందు కోసం వెతికేవాళ్లకు జీతం, ప్రయోగశాల, సమయం కావాలి. వాటికి డబ్బు తెచ్చినవి ఆ ఉత్తరాలే.

ఇక రోగులు వేలు పెడితే డబ్బు పక్కదారి పడుతుందన్న మాట. సైన్యం నడిపే ఈ పరిశోధన కార్యక్రమంలోనే దానికి జవాబుంది. అక్కడ ఏ పరిశోధనకు డబ్బివ్వాలో నిర్ణయించే బృందాల్లో శాస్త్రవేత్తలతో పాటు రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్లూ కూర్చుంటారు. మాట్లాడతారు, ఓటు వేస్తారు. ఊరికే కూర్చుంటే చాలదని, శాస్త్రం అర్థం కావాలని, కొయలిషన్ 1995 నుంచి ‘ప్రాజెక్ట్ లీడ్’ అనే శిక్షణ నడుపుతోంది. కణం ఎలా పనిచేస్తుంది, ఒక అధ్యయనంలో లెక్కలు ఎలా చదవాలి, ఇవన్నీ నేర్పుతారు. పిన్ని రిపోర్టులో ‘హెర్-2 పాజిటివ్’ అన్న రెండు ముక్కలకు అర్థం తెలుసుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. క్యాన్సర్ కణాల మీద హెర్-2 అనే ప్రొటీన్ మామూలుకంటే ఎక్కువగా ఉందని దాని అర్థం. ఆ మూడు రోజుల టెన్షన్ ఇంకా గుర్తుంది. అలాంటి చదువు మన దగ్గర ఎవరైనా నేర్పితే మొదటి బెంచీలో నేను కూర్చుంటాను.

మందుల ధరలు కంపెనీల ఇష్టం అన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన మాట. హెర్-2 రకం క్యాన్సర్‌కు ఇచ్చే ట్రాస్టుజుమాబ్‌ను మామూలుగా మూడు వారాలకోసారి, ఏడాది పాటు ఎక్కిస్తారు. అప్పట్లో మన దేశంలో దాని పేటెంటు, అంటే తయారుచేసి అమ్మే ప్రత్యేక హక్కు, రోష్ కంపెనీది. ఏడాది చికిత్సకు లక్షలు కావాల్సి వచ్చేది. మందు ఉందని తెలిసీ కొనలేక వదులుకున్న ఇళ్లు ఎన్నో. 2012లో ఢిల్లీలో మహిళా కార్యకర్తలు, రోగుల బంధువులు, ఆరోగ్య హక్కుల కోసం పనిచేసేవాళ్లు కలిసి ఈ మందు అందరికీ అందాలని ఉద్యమం మొదలుపెట్టారు. కల్యాణీ మీనన్ సేన్ దాన్ని ముందుకు నడిపించినవాళ్లలో ఒకరు.

వాళ్లు గాలిలో మేడ కట్టలేదు. అదే ఏడాది మార్చిలో మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్ వచ్చింది. పేటెంటు వేరే కంపెనీదైనా ఆ మందును తయారుచేసుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. కాలేయం, కిడ్నీ క్యాన్సర్‌లకు వాడే నెక్సావర్‌ను బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్మేది. నాట్కో అదే మందును 8,880కు మించకుండా ఇవ్వాల్సి వచ్చింది. ఒక మందుకు సాధ్యమైనది ఇంకో మందుకు ఎందుకు కాదని ఆ ఉద్యమం అడిగింది. 2013 మొదట్లో ట్రాస్టుజుమాబ్‌కూ కంపల్సరీ లైసెన్స్ ఇచ్చే ఆలోచన ప్రభుత్వంలో వచ్చింది. ఆగస్టుకల్లా భారత్‌లో ఆ పేటెంటును కొనసాగించబోమని రోష్ ప్రకటించింది. 2014 మొదట్లో బెంగళూరు కంపెనీ బయోకాన్ తన మందును మార్కెట్లోకి తెచ్చింది. 440 మిల్లీగ్రాముల సీసా 57,500 రూపాయలు. అదీ పేదవాళ్లకు అందే ధర కాదు. కానీ తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకా కంపెనీలు వచ్చాయి, ధర దిగింది. ఇదంతా ఒక్క ఉద్యమం వల్లే జరిగిందని నేను అనను. చట్టం, కంపెనీల మధ్య పోటీ, ప్రభుత్వం మీద ఒత్తిడి, అన్నీ కలిశాయి. పిన్నికి ఎక్కించింది మన దేశంలో తయారైన మందే. ‘అరిచి లాభం లేదు’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ సెలైన్ స్టాండే కళ్లముందు కనిపిస్తుంది.

ఆ పోరాటం ఇంకా ముగియలేదు. కేరళలో ఒక మహిళ రైబోసైక్లిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందు ధర భరించలేక హైకోర్టుకు వెళ్లింది. 2022లో కేసు నడుస్తుండగానే ఆమె కన్నుమూసింది. కోర్టు ఆ విషయాన్ని అక్కడితో వదిలేయకుండా తానే విచారణకు తీసుకుంది.

మామోగ్రామ్ బస్సు చాలు అన్నవాళ్లు ఒకసారి అమెరికా అనుభవం చూడాలి. అక్కడ పేద మహిళలకు ఉచిత పరీక్షల కోసం 1990లో చట్టం వచ్చింది. పరీక్ష ఉచితమే, కానీ జబ్బు బయటపడ్డాక చికిత్సకు డబ్బెక్కడిది? ఆ ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి పోరాడితే 2000లో గానీ, అలా బయటపడినవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో చికిత్స ఇప్పించే చట్టం రాలేదు. మన దగ్గర ఆరోగ్యశ్రీ ఉండటం పెద్ద అండ, కాదనను. కానీ కార్డు చికిత్సకు పనికొస్తుంది. జబ్బును తొందరగా పట్టుకోవడం వేరే పని.

పైగా ఆ పని మొత్తం యంత్రమే చేయాలని లేదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998 నుంచి లక్షన్నర మంది మహిళలతో ఒక అధ్యయనం చేశారు. పదో తరగతి చదివిన మామూలు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, చేత్తో రొమ్ము పరీక్ష చేయించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో అలాంటి లాభం కనిపించలేదు, అదీ చెప్పాలి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2016లోనే 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి ఇలాంటి పరీక్ష చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మరి జరిగిందెంత? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో ఈ జబ్బుతో పోయినవాళ్లు సుమారు 98 వేల మంది. కాగితం మీద ఉన్నదాన్ని ఊళ్లోకి తెప్పించాలంటే అడిగేవాళ్లు కావాలి.

చివరిగా, మన ఆడవాళ్లు సిగ్గుతో రారన్న మాట. మా ఊళ్లో పరీక్షల రోజు ఏం జరిగిందో పిన్ని చెప్పింది. ఆరోగ్య ఉపకేంద్రంలో ఒకటే గది. తలుపుకు గడియ లేదు, కిటికీకి తెర లేదు, బయట అరుగు మీద మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఏఎన్ఎం అమ్మాయి బీపీ, షుగరు చూసి పంపించేసింది. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? పిన్ని డ్వాక్రా సంఘం మీటింగులో ఈ సంగతి లేవనెత్తింది. అందరూ కలిసి సర్పంచ్ దగ్గరికి వెళ్లి గడియ, తెర, ఒక మంచం అడిగారు. రెండుసార్లు రేపు మాపు అన్నాడు. మూడోసారి అర్జీ రాసి, అందరూ సంతకాలు పెట్టి పట్టుకెళ్లారు. ఆ మరుసటి వారమే తెర వేశారు. ఆ తర్వాత ఏఎన్ఎం వచ్చిన రోజు వరసలో మొదట నిలబడింది మా పిన్ని ఎదురింటి అరవై ఏళ్ల అవ్వ.