రెండు పడవల మీద కాళ్లు

రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని పెద్దలు చెప్పారు. పాపం, వారికి కాటమరాన్ అనే జంట పడవ అమ్మేవాడు తారసపడలేదు. తారసపడి ఉంటే ఆ రెండు పడవలకూ వంతెన వేసి, దాని మీద సోఫా, ఫ్రిజ్, భోజనాల బల్ల అమర్చి, కాళ్లే కాదు, కుటుంబం మొత్తాన్నీ పెట్టవచ్చని ఒప్పించి ఉండేవాడు.

నా మిత్రుడు ఒకాయన పడవ కొనదలిచారు. తెరచాప కాటమరానా, మోటార్ క్రూయిజరా అన్నది ఆయనకు వచ్చిన ధర్మసందేహం. లోకంలో ఇంతకంటే జాలిపడదగిన కష్టం మరొకటి ఉండదు కనుక ఓపికగానే విన్నాను. ఒక్క మాట దగ్గర మాత్రం ఓపిక తెగింది.

"గాలి ఉచితం కదండీ!"

గాలి ఉచితమే. దాన్ని పట్టే గుడ్డ ఉచితం కాదు. ఆ గుడ్డను ఎండ కొద్దికొద్దిగా తినేస్తుంది. స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు పైకి మెరుస్తూనే లోపల అలసిపోతాయి. వాటిని మార్చారా లేదా అని బీమావారు ఆరా తీస్తూనే ఉంటారు. 40 అడుగుల కాటమరాన్ వెడల్పు సుమారు 7 మీటర్లు. రేవులో ఒక పడవ చోటులో ఇమడదు కనుక ఒక పడవ అద్దెతో పోదు. ఉచితంగా దొరికే వస్తువు కోసం మనిషి ఇంత ధారపోయడం ఎయిర్ కండిషనర్ తర్వాత ఇక్కడే చూస్తున్నాను.

కాటమరాన్ ఒరగదు, బల్ల మీద గ్లాసు కదలదు అంటారు. నిజమే. పొరపాటున తలకిందులైతే ఆ భంగిమలోనూ అంతే నిలకడగా ఉంటుంది. పడవను నిటారుగా నిలిపే బరువైన దూలం (కీల్) అడుగున లేదు కనుక మళ్లీ తనంతట తాను లేవదు. చాలా వాటికి అందుకే నీటిమట్టం దగ్గర తప్పించుకునే తలుపు పెడతారు. అమ్మేవాడు గ్లాసు చూపించినంత ఉత్సాహంగా ఆ తలుపు చూపించడు.

అసలు సంగతి ఇంకా ఉంది. గాలిని నమ్ముకున్న ఈ పడవలో సాధారణంగా రెండు డీజిల్ ఇంజిన్లు ఉంటాయి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనేవారు కారు వీరు. దీపం పక్కన జనరేటరు కూడా పెట్టుకుంటారు.

ఆ దృశ్యం సముద్రం ఎరిగినవారు చూడనిది కాదు. మనం ఎటు పోవాలో గాలి సరిగ్గా అటునుంచే వస్తుంది. అది గాలి స్వభావం. ఏ తెరచాపా ఎదురుగాలిలోకి నేరుగా పోలేదు. ఓ 45 డిగ్రీలు పక్కకు తిరిగి, కాసేపు ఎడమకు, కాసేపు కుడికి వంకరలు పోవాలి. 10 మైళ్ల ప్రయాణం 14 మైళ్లవుతుంది. యజమాని పావుగంట సేపు కవిగా ఉంటాడు. తర్వాత భోజనం వేళ గుర్తొస్తుంది. అటూ ఇటూ చూసి బొత్తాం నొక్కుతాడు. తెరచాప మాత్రం దించడు, దించితే పరువేం కావాలి? అది నడినెత్తిన టపటపా కొట్టుకుంటూ ఉంటుంది, కింద ఇంజిన్లు రెండూ గుడగుడలాడుతూ ఉంటాయి, ఆయన చేయి చుక్కాని మీద, చూపు దిగంతం మీద. ఎదురుగాలి కదా, పొగ వెనక్కి పోతుంది. వాసన వెనుక వచ్చేవారి ప్రాప్తం. ఇంతలో పక్కనుంచి ఒక మోటార్ క్రూయిజర్ వెళితే, "ఛీ, కిరసనాయిలు డబ్బా" అని ముక్కు చిట్లిస్తాడు!

కాటమరాన్ అనే పేరు తమిళ 'కట్టుమరం' నుంచి వచ్చింది. దుంగలను తాళ్లతో బిగించి వేటకు పోయినవారి తెప్ప అది. గాలి పడిపోతే వారు తెడ్డు వేశారు.

క్రూయిజర్ మీద నాకేమీ ప్రేమ లేదు. దాన్ని నీటి మీదకు లేపి 20 నాట్ల వేగంతో (నాట్ అంటే గంటకో సముద్రపు మైలు) పరిగెత్తిస్తే గంటకు 100 లీటర్ల డీజిల్ దాటడం వింత కాదు. అదే పడవ 7 నాట్లకు దిగితే అందులో చిన్న వంతుతో సరిపెట్టుకుంటుంది, కానీ సైకిలు వేగంతో పోవడానికి అంతంత ఇంజిన్లు ఎవరు కొంటారు? అయినా ఆ యజమాని ఒక్క అబద్ధం ఆడడు. డీజిల్ తాగుతున్నానని రేవంతా వినబడేలా చెబుతాడు.

అబద్ధం ఆడేది రెండోవాడు, తెరచాప యజమాని. మోటారు పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలని 1972 నాటి అంతర్జాతీయ నియమాలు చెబుతాయి. ఈ వాక్యం ప్రతివాడికీ కంఠస్థం. ఇంజిను వాడుతున్నంతసేపు అది తెరచాప పడవ కాదని అవే నియమాలు చెబుతాయి. ఈ వాక్యం ఎవరికీ గుర్తుండదు. అలాంటప్పుడు పగలు పడవ ముందు భాగాన, మొన కిందికి ఉండేలా ఒక నల్లని శంకువు కట్టాలి. రాత్రి మోటారు పడవ దీపాలు, స్తంభం మీది తెల్ల దీపంతో సహా వెలిగించాలి. ఎంతమంది చేస్తున్నారు? సిగ్గు లేదా? చీకట్లో ఎదురుగా చిన్న పడవలో వస్తున్న మనిషికి నీ సోఫా కనబడదు, నీ కవిత్వం వినబడదు. కనబడేవి నీ దీపాలే. ఎవరు తప్పుకోవాలో వాటిని చూసే లెక్క వేసుకుంటాడు. ఆ దీపాలతో అబద్ధం చెప్పి, నీ గాలివాటం వేషానికి అతని ప్రాణం పణంగా పెట్టే హక్కు నీకు ఎవరిచ్చారు?

మిత్రుడు చివరికి కాటమరానే కొన్నారు. చూడటానికి రమ్మంటే వెళ్లాను. ముందు ఇంజిన్లు రెండూ చూపించారు. శంకువు ఎక్కడండీ అని అడిగాను. అరలన్నీ వెతికి, సోఫా కింద నుంచి బయటికి తీశారు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

"ఇదా! లంగరు తాలూకు సామానేమో అనుకున్నానండీ" అన్నారు.