జెర్సీ తొడుక్కున్న అధ్యక్షుడూ, కోచ్ పక్షాన నిలబడిన అధ్యక్షుడూ

గత రెండు వారాలలో ఒకే సందేశం నాకు ఐదుసార్లు వచ్చింది: ఇంజినీరింగ్ సహాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు, బంధువుల గ్రూపులో ఒకసారి, అమెరికాలో పిల్లలు చదువుతున్న తల్లిదండ్రుల గ్రూపులో రెండుసార్లు. అక్కడి విశ్వవిద్యాలయాల గొప్పతనానికి మూలం వాటి అధ్యక్షులు కాలేజీ ఆటలకు ఇచ్చే అండ అని, అది తెలియకనే మన ఉపకులపతులు వెనుకబడ్డారని దాని సారాంశం. అందులో ఆరు వాదనలున్నాయి. అధ్యక్షుడు జట్టు రంగులు ధరించి ప్రతి మ్యాచ్‌కూ వస్తాడు. ఒక అధ్యక్షుడైతే ఫుట్‌బాల్ (మన దగ్గర కాలితో ఆడేది కాదు, బంతిని చేత్తో పట్టుకుని, విసిరి ఆడే అమెరికన్ ఆట) జట్టు గర్వించదగ్గ విశ్వవిద్యాలయాన్ని నిర్మిస్తానని ప్రతిజ్ఞ చేశాడు. ఫుట్‌బాల్ సంపాదనతోనే ప్రయోగశాలలు, గ్రంథాలయాలు నడుస్తాయి. జట్టు గెలిస్తే దరఖాస్తులు వెల్లువెత్తుతాయి. ఫుట్‌బాల్‌ను వదులుకున్న విశ్వవిద్యాలయాలు దిగజారాయి. ఎన్ని ఆరోపణలు వచ్చినా నిజమైన అధ్యక్షుడు కోచ్ పక్షాన నిలబడతాడు. నాలుగుసార్లు చూసి ఊరుకున్నాను. ఐదోసారి పంపిన మిత్రుడు ఆ చివరి వాక్యాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు కనుక రాయక తప్పలేదు.

చొక్కా రంగు గురించి చర్చ అనవసరం. ఆయనకు నచ్చింది ఆయన వేసుకుంటాడు.

ప్రతిజ్ఞగా చెప్పిన ఆ మాట ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి 1943 నుంచి 1968 వరకు అధ్యక్షుడిగా ఉన్న జార్జ్ క్రాస్‌ది. రాష్ట్ర శాసనసభ్యుల ముందు విశ్వవిద్యాలయ అవసరాలన్నీ ఏకరువు పెట్టి నిధులు అడిగాక, వారి ధ్యాస ఫుట్‌బాల్ మీదే ఉందని గ్రహించి, విసిగిపోయి అన్న ఎత్తిపొడుపు అది. చదువుకు డబ్బు రాబట్టలేక ఒక అధ్యక్షుడు పడిన బాధను తీసుకొచ్చి ఆటల పట్ల ఆయన భక్తికి రుజువుగా చూపించడం ఆయనకు చేసే అన్యాయం.

డబ్బు సంగతికి వద్దాం. అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏలో సుమారు 1,100 సభ్య సంస్థలు ఉండగా, 2019లో తమ ఖర్చును మించి సొంతంగా ఆర్జించిన క్రీడా విభాగాలు 25 మాత్రమేనని ఆ సంస్థే ప్రకటించింది. మిగిలిన చోట్ల లోటు పూడ్చేది విశ్వవిద్యాలయ సాధారణ నిధి, ప్రభుత్వ సాయం, విద్యార్థుల ఫీజు. ఆర్జించిన ఆ కొద్దిచోట్ల కూడా మిగులులో అధిక భాగం కోచ్‌ల జీతాలకు, స్టేడియం విస్తరణకు, కొత్త శిక్షణ భవనాలకు తిరిగి వెళుతుంది. అంటే సందేశం చెప్పిన ప్రవాహం చాలాచోట్ల తలకిందులుగా నడుస్తోంది: ప్రయోగశాల ఆట మీద బతకడం లేదు, ఆటే విద్యార్థి మీద బతుకుతోంది. అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఆటల కోసం విద్యార్థి తప్పనిసరిగా కట్టవలసిన ఫీజు కొన్ని చోట్ల ఏడాదికి వేయి డాలర్లు దాటుతుంది. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చి ఎమ్మెస్‌కు వెళ్లిన మన పిల్లలు, స్టేడియం గడప తొక్కకపోయినా, ఆ అప్పులోంచే దాన్ని కడుతున్నారు. తల్లిదండ్రుల గ్రూపులో ఈ సందేశం పంపినవారు ముందు తమ పిల్లల ఫీజు రసీదును వరుస వరుసగా చదివి చూడాలి. పైగా ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, ఒక్కో విశ్వవిద్యాలయానికి మొదటి ఏడాదిలోనే తన ఆటగాళ్లకు నేరుగా సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు పంచే వీలు కలిగింది. ఇన్నేళ్లు ఒళ్లు హూనం చేసుకున్న ఆటగాళ్లకు అది న్యాయంగా దక్కవలసిన సొమ్మే. కాని ఇప్పటికే లోటులో ఉన్న విశ్వవిద్యాలయం ఆ సొమ్ము ఎవరి దగ్గర వసూలు చేస్తుందో సందేశం రాసినవారు ఆలోచించినట్టు లేదు.

దరఖాస్తుల వాదనకు తరచుగా చూపే ఆధారం ఒకే ఒక పాస్. 1984 నవంబరు 23న మయామీ జట్టు మీద ఆఖరి క్షణంలో డగ్ ఫ్లూటీ విసిరిన బంతితో బోస్టన్ కాలేజీ 47-45 తేడాతో గెలిచింది. ఆ తరువాత అక్కడికి దరఖాస్తులు పెరిగిన మాట నిజమే కాని, అవి అంతకుముందు నుంచే పెరుగుతూ వస్తున్నాయి. నలభై ఏళ్లుగా ఆ ఒక్క కథనే తిప్పి తిప్పి చెప్పవలసి వస్తున్నదంటే ఆ వాదనకు ఎంత బలముందో తెలుస్తూనే ఉంది.

ఫుట్‌బాల్‌ను వదులుకుని దిగజారిన సంస్థగా సందేశం చూపించినది షికాగో విశ్వవిద్యాలయాన్ని. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్న జే బెర్వాంగర్ అక్కడి విద్యార్థే. ఆ తరువాత నాలుగేళ్లకు, 1939 డిసెంబరులో, అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ పట్టుబట్టి ఫుట్‌బాల్‌ను రద్దు చేయించాడు. మరో మూడేళ్లకు, 1942 డిసెంబరు 2న, ఖాళీ పడిన ఆ స్టేడియం గ్యాలరీ కింద ఉన్న గదిలోనే ఎన్రికో ఫెర్మీ బృందం మానవ చరిత్రలో తొలిసారి నియంత్రిత కేంద్రక శృంఖల చర్యను సాధించింది. ఆ చర్య అణుబాంబుకు దారితీసిందన్నది వేరే చర్చ. దిగజారిన విశ్వవిద్యాలయంలో జరిగే పని మాత్రం అది కాదు. 1969లో అక్కడికి ఫుట్‌బాల్ తిరిగి వచ్చింది, క్రీడా స్కాలర్‌షిప్పులు లేని స్థాయిలో. ఇప్పటికీ ఆడుతున్నారు, ఇష్టంతో ఆడుతున్నారు.

అయితే ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. షికాగో ఉదాహరణను అంతటికీ వర్తింపజేస్తూ, నష్టంలో ఉన్న జట్టును మూసేయడమే వివేకమని నేను చాలాకాలం వాదించాను. అలబామా విశ్వవిద్యాలయపు బర్మింగ్‌హామ్ విభాగం నన్ను సరిదిద్దింది. ఖర్చు భరించలేమంటూ 2014 డిసెంబరులో అక్కడి అధ్యక్షుడు రే వాట్స్ ఫుట్‌బాల్‌ను రద్దు చేశాడు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, ఊరి వ్యాపారులు కలిసి నిరసన తెలిపి, విరాళాలు పోగుచేసి నిలబడితే, ఆరు నెలలకే ఆయన నిర్ణయం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2017లో జట్టు మళ్లీ మైదానంలోకి దిగింది. సొంత జేబులోంచి తీసి ఇచ్చిన ఆ మనుషులను ప్రచారానికి లొంగిపోయినవారని నేను అనలేను. ‘మన కాలేజీ’ అన్న మమకారానికి లెక్కల పుస్తకంలో గడి లేదు, అయినా అది ఉంది. దాన్ని గౌరవించడం అధ్యక్షుడి బాధ్యతే.

ఆ మమకారాన్నే అడ్డుపెట్టుకుని ఆరో వాదన వస్తుంది. కోచ్ పక్షాన నిలబడటం అంటే ఏమిటో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం చూపించింది. అక్కడ ఫుట్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి సహాయ కోచ్‌గా చేసిన జెర్రీ శాండస్కీ, ఉద్యోగ విరమణ తరువాత కూడా జట్టు ప్రాంగణంలోకి స్వేచ్ఛగా వచ్చిపోయేవాడు. 2001లో అక్కడి స్నానాల గదిలో అతణ్ణి ఒక పిల్లవాడితో చూసిన యువ కోచ్ ఆ సంగతి ప్రధాన కోచ్ జో పటెర్నోకు చెప్పాడు. అది క్రీడా విభాగాధిపతికి, అక్కడి నుంచి అధ్యక్షుడు గ్రాహం స్పేనియర్‌కు చేరింది. పోలీసులకు మాత్రం చేరలేదు. పదేళ్ల తరువాత, 2011 నవంబరులో, శాండస్కీ అరెస్టయ్యాడు. 2012 జూన్‌లో పిల్లలపై లైంగిక అత్యాచారాలకు సంబంధించిన 45 అభియోగాలలో దోషిగా తేలి, 30 నుంచి 60 ఏళ్ల శిక్ష పొందాడు. పటెర్నో, స్పేనియర్ ఇద్దరి పదవులూ పోయాయి. పిల్లల భద్రతను ప్రమాదంలో పడేసిన నేరానికి 2017లో స్పేనియర్‌కు శిక్ష పడింది, అప్పీళ్లన్నీ ముగిశాక 2021లో ఆయన జైలుకు వెళ్లాడు.

ఆ అధ్యక్షుడు ఆటలకు అండగా నిలవలేదని ఎవరైనా అనగలరా? జట్టు పేరు చెడకుండా చూడాలన్న తాపత్రయం ఆ ప్రాంగణంలో ఎవరికి తక్కువైంది? ఆ స్నానాల గదిలో ఉన్నవాడు మన ఇంటి పిల్లవాడైతే, కోచ్ పక్షాన నిలబడాలన్న ఈ వాక్యం కింద చప్పట్ల బొమ్మ పెట్టగలరా? సందేశం పంపే ముందు ఎవరూ ఒక్క నిమిషం ఆలోచించలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

అధ్యక్షుడి అండ మరోలా కూడా ఉంటుంది. 2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో సాధన చేస్తూ జోర్డన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఆటగాడు వడదెబ్బతో కుప్పకూలాడు. చల్లని నీటి తొట్టిలో దించవలసినవాడిని దించలేదు. జూన్ 13న చనిపోయాడు. ఆ ఆగస్టులో అధ్యక్షుడు వాలస్ లోహ్ అందరి ముందుకూ వచ్చి, చట్టపరంగానూ నైతికంగానూ బాధ్యత విశ్వవిద్యాలయానిదేనని ప్రకటించాడు. అక్టోబరు 30న పాలక మండలి ప్రధాన కోచ్‌ను కొనసాగించాలని నిర్ణయిస్తే, మరునాడే ఆ నిర్ణయాన్ని కాదని కోచ్‌ను తొలగించాడు. ఆయన కోచ్ పక్షాన నిలబడలేదు, ఆటగాడి పక్షాన నిలబడ్డాడు. అదీ ఆ పిల్లవాడు పోయాకే జరిగింది కనుక దీన్ని విజయగాథగా నేను చెప్పడం లేదు.

ఇక మన ఉపకులపతులు ఆటలను పట్టించుకోరన్న ఫిర్యాదుతో నాకు పేచీ లేదు. బహుమతుల సభకు తప్ప మైదానం వైపు రానివారు ఎందరో ఉన్నారు. అయితే వారిని అడగవలసింది జెర్సీ తొడుక్కుని గ్యాలరీలో కూర్చోమని కాదు. ఆడపిల్లల జట్టు పరాయి ఊరికి వెళితే వెంట ఎవరు వెళుతున్నారో, ఫిర్యాదు చేయాలనుకున్న పిల్లకు కోచ్‌ను దాటి వెళ్లే దారి ఉందో లేదో, ఏప్రిల్ ఎండలో సాధన చేస్తున్నప్పుడు మైదానం పక్కన మంచు వేసిన నీళ్ల తొట్టి ఉందో లేదో వారు స్వయంగా కనుక్కోవాలి.